పిన్నల చదువు – పెద్దల చదువు

“మొక్కై వంగనిది మానై వంగునా?” యని లోకోక్తి. దీనిని నమ్మి, వయస్సు మీరిన పిమ్మట విద్య యబ్బదని యనేకులు నిరాశ చెందుచున్నారు. ఇది యెంతవరకు సత్యమో విచారింతము.

బాలుడు వినికిడిచేతను, అనుకరణముచేతను, ఆటచేతను నేర్చును. ఒక్క పాటను నూరుమారులు పాడినను విసుగడు. తప్పు పలికినందుకు నలుగురు నవ్వినను త్వరలోనే మరచును. పరభాషయొక్క ఉచ్చారణము చిన్ననాడు నేర్చినవారికే చక్కగా నబ్బుట మనమెరిగినదే.

పెద్దవాని రీతి వేరు. అతని మనస్సు వ్రాయని పలక కాదు. అక్షరమెరుగని రైతు నోటిలెక్కతో వడ్డీ కట్టగలడు. నేర్చుదానికి ప్రయోజనము కనబడవలెను, గౌరవము దక్కవలెను. నేర్చుకొను శక్తి నడివయస్సువరకు మెల్లగానే తగ్గునని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు థార్న్‌డైక్ 1928లోనే ప్రకటించెను.

ఈ భేదమును మేము పొరపాటువలన తెలిసికొంటిమి. కొన్నియేండ్ల క్రిందట విద్యార్థుల తల్లిదండ్రులకు రాత్రిబడి నడపుచు, పసిపిల్లలచేత వలెనే “అ – అమ్మ, ఆ – ఆవు” అని వారిచేత వల్లెవేయించితిమి. ఒక తండ్రి తడబడగా వాకిట నిలిచిన పిల్లలు నవ్విరి; మేమును నవ్వితిమి. మరునాడతడు రాలేదు. మేమతని యింటికి పోయి క్షమింప వేడితిమి. అతడు తాను వేలిముద్ర వేసిన అప్పుపత్రమును తెచ్చి, “మాస్టరుగారూ, ఆవు సంగతి నాకు తెలుసునండి. ఇందులో ఏమున్నదో అది నేర్పండి” అనెను. నాటినుండి ఆ పత్రమే మా వాచకమయ్యెను. మూడు నెలలలో నతడు తన పేరును, అసలును, వడ్డీని స్వయముగా చదువగలిగెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రమున చదువుకొన్న స్త్రీలు, తమ బ్రతుకులకు సంబంధించిన పాఠములచే మేల్కొని సారాపై ఉద్యమించిరి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా విక్రయము నిషేధింపబడెను. పెద్దల చదువునకు గల శక్తికి ఇంతకంటె నిదర్శనమేల?

విద్యార్థులారా! మీ యమ్మ పలక పట్టిననాడు నవ్వకుడు. ప్రక్కన కూర్చుండి సాయపడుడు. తల్లిదండ్రులారా! మీ బిడ్డ ఆడుచు పాడుచు నేర్చుటను సోమరితనమని యెంచకుడు. ఎవరి త్రోవ వారిది. చేరు చోటు మాత్రమొక్కటియే.