పెరట్లో ఐదు పెట్టలు: తొలిసారి కోళ్లు పెంచే ఇంటివారికి

మా వీధిలోకి మోపెడ్ మీద రంగు కోడిపిల్లలవాడు వస్తే చాలు, పిల్లలంతా గేటు దగ్గరికి పరిగెడతారు. గంప నిండా గులాబీ, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో కిచకిచలు. మూడేళ్ల కిందట మా అమ్మాయి ఏడ్చి ఏడ్చి నాలుగు కొనిపించింది. అట్టపెట్టెలో పెట్టి, నూకలు చల్లి, గిన్నెతో నీళ్లు పెట్టాం. వారం తిరక్కుండానే నాలుగూ పోయాయి. ఒకటి నీళ్ల గిన్నెలో పడి తడిసి, మిగతావి చలికి ఒకదాని మీద ఒకటి ముడుచుకుని. అలా రంగులేసి అమ్మేవి చాలావరకు గుడ్ల ఫారాలకు పనికిరాని మగపిల్లలని తర్వాత తెలిసింది. బతికినా గుడ్డు పెట్టేవి కావు.

రెండోసారి తొందరపడలేదు. కోళ్ల మధ్యే పెరిగిన మా అత్తయ్య, "కోడికి ముందు చూడాల్సింది మేత కాదమ్మా, రాత్రి" అంది. పగలు కోడి తన తిప్పలు తానే పడుతుంది. తిండి గీరుకుంటుంది, ఎండెక్కితే నీడకు పోతుంది, కుక్క వస్తే గోల చేస్తుంది. చీకటి పడితే మాత్రం దానికి చూపు ఆనదు, కూర్చున్నచోటి నుంచి కదలదు. పిల్లికి చేతికందిన కాయే. కింద చెప్పే పనులన్నీ ఆ రాత్రి చుట్టూ తిరిగేవే.

1. కోళ్లు లేకుండానే పదిహేను రోజులు

కోళ్లు ఉన్నాయనుకుని ఇంటిల్లిపాదీ పదిహేను రోజులు గడపండి. పొద్దున ఆరింటికి ఒకరు, పొద్దుగూకాక ఒకరు పెరట్లోకి వెళ్లి రావాలి. వెళ్లొచ్చినవాళ్లు వంటింటి కేలండర్‌లో ఆ తేదీ గడిలో టిక్కు పెట్టాలి. పెళ్లున్నా, పరీక్షలున్నా ఆ టిక్కు పడాల్సిందే. మా ఇంట్లో మొదటిసారి మూడు గడులు ఖాళీగా మిగిలాయి. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాం.

ఈలోగా మూడు సంగతులు తేల్చుకోండి. ఒకటి, పక్కింటివాళ్లకు ముందే చెప్పండి. పట్నంలో ఉంటే మున్సిపాలిటీ వాళ్లనూ అడగండి. రెండు, పుంజు కావాలా వద్దా? గుడ్లకు పుంజు అక్కర్లేదు. పిల్లలు పొదిగించాలంటేనే కావాలి. తెల్లవారుజామున నాలుగింటి కూత మీకు ముద్దుగానే ఉండొచ్చు, పక్కింటివాళ్లకు ఉండదు. మూడు, ముసలి పెట్టల సంగతి. పెట్ట రెండేళ్లు బాగా గుడ్లు పెడుతుంది, ఆ తర్వాత తగ్గిపోతుంది, బతకడం మాత్రం ఇంకా కొన్నేళ్లు బతుకుతుంది. కోడిని అడిగి మసాలా నూరరు నిజమే, పిల్లలను మాత్రం అడగాలి. కోడికి పేరు పెట్టాక అడిగితే ఆలస్యమైనట్టే.

2. ఎన్ని, ఏ రకం?

నలుగురున్న ఇంటికి ఐదు పెట్టలు చాలు. ఒక్కటి మాత్రం వద్దు, తోడు లేని కోడి బెంగపడుతుంది.

నాటు పెట్ట ఏడాదికి 60-70 గుడ్లు పెడుతుంది. విడతకు పన్నెండో పదిహేనో పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న ఐసీఏఆర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే రకాలను తయారుచేసింది. వనరాజా ఒళ్లు బరువు, మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది. గ్రామప్రియ గుడ్ల కోడి. మేత సరిగ్గా అందితే ఏడాదికి 180 దాకా, ఇంకా బాగా చూసుకుంటే 200 పైన పెడుతుంది. గుడ్డు గోధుమ రంగులో ఉంటుంది. లెక్క వేసుకోండి: ఐదు నాటు పెట్టలైతే రోజుకొక గుడ్డు కూడా పూర్తిగా రాదు, ఐదు గ్రామప్రియలైతే రోజుకు రెండో మూడో. కాకపోతే నాటు పెట్ట పొదుగుతుంది, పిల్లలను వెంటేసుకుని తిప్పుతుంది, గద్ద నీడ పడితే చాలు రెక్కల కింద దాచుకుంటుంది. ఈ తల్లితనం మేలురకాల్లో చాలావరకు పోయింది. మేము మూడు గ్రామప్రియలు, రెండు నాటువి తెచ్చుకున్నాం.

ఒకరోజు పిల్లలను తేకండి. వాటికి మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. బల్బు పెట్టాలి, రాత్రి కరెంటు పోతే లేచి చూసుకోవాలి. మా అట్టపెట్టె కథ అక్కడే చెడింది. మొదటిసారి మూడు నాలుగు నెలల వయసున్న, టీకాలు పడిన పెట్టలనే కొనండి. ఐదారు నెలలకు గుడ్డు మొదలవుతుంది కాబట్టి ఎదురుచూపు కూడా ఎక్కువ ఉండదు. దసరా దాటాక తెచ్చుకుంటే ఎండ బాధ, వాన బాధ లేకుండా అలవాటుపడతాయి.

3. గూడు ముందు, కోడి తర్వాత

ఐదు పెట్టలు రాత్రి పడుకోవడానికి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, లోపల మనిషి చేయి తిరిగేంత ఎత్తు ఉంటే సరిపోతుంది. నేల నుంచి రెండడుగులు లేపి కాళ్ల మీద నిలబెట్టండి. తేమ తగలదు, పాములూ ఎలుకలూ కింద చేరవు, ఊడ్చుకోవడం తేలిక. పొడుగు వైపు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపలికి కొట్టదు. రేకు వేస్తే దాని మీద తాటాకు కప్పండి, లేకపోతే మే నెలలో అది పొయ్యే. గోడల్లో పైభాగం గాలికి వదిలి జాలీ కొట్టండి.

జాలీ దగ్గర మేము పొరపాటు చేశాం. చవగ్గా దొరికిందని పెద్ద కంతల కోళ్ల జాలీ కొట్టాం. ఒక రాత్రి పిల్లి లోపలికి రాలేదు, పంజా మాత్రం దూర్చింది. జాలీకి ఆనుకుని పడుకున్న పెట్ట రెక్క చీలింది. మర్నాడే దాన్ని పీకేసి అరంగుళం కంతల వెల్డెడ్ జాలీ వేయించాం. తలుపుకి గడియతో పాటు కొక్కెం కూడా పెట్టించాం. గడియ ఒక్కటే అయితే ముంగిస తోసి తోసి ఊడదీయగలదు.

లోపల రెండే అమరికలు. ఒకటి, కోళ్లు ఎక్కి కూర్చునే దండెం. రెండంగుళాల మందంతో, అంచులు నున్నగా ఉన్న కర్ర వేయండి. కోడికి ఎనిమిది అంగుళాల చోటు లెక్కన ఐదింటికి మూడున్నర అడుగులు చాలు. రెండోది గుడ్ల బుట్ట. నాలుగైదు పెట్టలకు ఒకటే సరిపోతుంది. అడుగు వెడల్పున్న పాత వెదురు బుట్టలో ఎండుగడ్డి పరిచి చీకటి మూలన పెట్టండి. దండెం బుట్టకన్నా ఎత్తులో ఉండాలి. కోళ్లు ఎత్తైన చోటే నిద్రపోతాయి, బుట్ట ఎత్తులో ఉంటే రాత్రంతా అందులోనే రెట్ట వేస్తాయి. కింద మూడంగుళాల మందాన వరి ఊక పరిచి వారానికోసారి తిరగేయండి. ముక్కు ఘాటెక్కిందంటే ఊక తడిసిందన్నమాట, మార్చేయాలి. తీసిన ఊకను రెండు మూడు నెలలు కుళ్లనిచ్చాకే మొక్కలకు వేయండి. పచ్చి పెంట వేడికి వేర్లు మాడతాయి.

4. తెచ్చిన మొదటి వారం

సాయంత్రం పూట తెచ్చి నేరుగా గూట్లో వదలండి. నాలుగైదు రోజులు బయటికి వదలొద్దు. మేత, నీళ్లు లోపలే పెట్టండి. ఇదే నా ఇల్లు అని కోడికి తెలిసేది ఈ రోజుల్లోనే. ఆ తర్వాత ఒక వారం పాటు చీకటి పడటానికి ఒక గంట ముందు మాత్రమే వదలండి. ఎక్కువ దూరం పోయే వ్యవధి ఉండదు, పొద్దుగూకుతూనే తిరిగి ఎక్కుతాయి. పొద్దున మేత వేస్తూ "బా బా బా" అని పిలవడం అలవాటు చేయండి. పది రోజుల్లో ఆ పిలుపుకే పరిగెత్తుకొస్తాయి.

తర్వాత ఎప్పుడు కొత్త కోడిని తెచ్చినా రెండు మూడు వారాలు వేరే గంప కింద ఉంచి చూసుకున్నాకే మందలో కలపండి. ఊరి జబ్బు అలాగే ఇంట్లోకి వస్తుంది.

5. మేత, నీళ్లు

గుడ్లు పెట్టే పెట్టకు రోజుకు 100-120 గ్రాముల మేత కావాలి. పెరట్లో గడ్డి, పురుగులు దొరికితే సగం అదే వెతుక్కుంటుంది, మిగతా సగం మనం వేయాలి. మేము పది కిలోలకు నూకలు, మొక్కజొన్న రవ్వ కలిపి ఐదు కిలోలు, రెండు కిలోల తవుడు, రెండు కిలోల వేరుశనగ చెక్క, అరకిలో ఎండుచేపల పొడి, అరకిలో ఆల్చిప్పల పొడి కలుపుతాం. చెక్కను వాసన చూడకుండా కొనొద్దు. బూజు పట్టిన చెక్క కోడి కాలేయాన్ని తినేస్తుంది. ఉప్పు ఎక్కువున్న మిగుళ్లు, పచ్చళ్లు వేయొద్దు.

గుడ్డు పెంకు పల్చబడితే సున్నం తక్కువైందని అర్థం. వాడిన గుడ్డు పెంకులను పెనం మీద వేయించి, ముక్కలుగా కాకుండా పొడి చేసి విడిగా ఒక చిప్పలో పెట్టండి. పెంకు పెంకులాగే వేస్తే కోడి గుడ్లను పొడుచుకోవడం నేర్చుకుంటుంది. గుడ్లు మొదలుకాని చిన్న పెట్టలకు మాత్రం గుడ్ల కోళ్లకని అమ్మే లేయర్ మేత పెట్టొద్దు. అందులోని కాల్షియం వాటి మూత్రపిండాలకు భారం.

నీళ్లు కోడికి రోజుకు పావు లీటరు, వేసవిలో రెట్టింపు. గిన్నెను ఇటుక మీద, కోడి వీపు ఎత్తులో పెడితే మట్టి పడదు. ఎండల్లో చెట్టు కింద రెండు చోట్ల నీళ్లు పెట్టండి, గూటికి తడి గోనెపట్టా కట్టండి. నోరు తెరిచి రెక్కలు దూరంగా పట్టుకుని నిలబడితే వడ తగులుతోందని గుర్తు.

6. టీకా, జబ్బు

పల్లెల్లో గంపల కొద్దీ కోళ్లను పొట్టన పెట్టుకునేది కొక్కెర తెగులు. పచ్చని రెట్ట, ఎగశ్వాస, మెడ మెలితిరగడం, ఆపై వరసగా చావులు. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఉంది. ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు కంట్లో కొక్కెరకు లసోటా చుక్క, ఆరో వారం మశూచి టీకా, ఎనిమిదో వారం మళ్లీ కొక్కెరకే రెక్క కింద ఆర్‌టూబీ. మీరు కొనే పెట్టలకు ఇవి పడ్డాయో లేదో అమ్మేవాళ్లను అడగండి, తెలియకపోతే మండల పశువైద్యశాలలో చెప్పండి. ఒక టీకా సీసాలో వందా రెండొందల కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, కలిపిన రెండు గంటల్లోపే వాడేయాలి. ఐదు కోళ్ల కోసం సీసా విప్పడం కన్నా వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒకే రోజు పెట్టుకుని వేయిస్తే అందరికీ మేలు. కొక్కెరకు పక్కింటి కోడీ మన కోడీ అన్న తేడా లేదు.

పేలు పట్టకుండా ఒక మూల బూడిద, ఇసుక కలిపి గుంటలో పోయండి, అందులో పొర్లుతాయి. మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేయించండి. కోళ్లు ఒక్కసారిగా చనిపోతుంటే పసిపిల్లలను దూరం ఉంచి పశువైద్యుడికి చెప్పండి. చచ్చినవాటిని కాలువలో పడేయకుండా లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు అధికారులు చెప్పినవీ ఇలాంటి జాగ్రత్తలే.

7. గుడ్లు, పొదుగు

మొదటి గుడ్డు నిమ్మకాయంత ఉండొచ్చు, పెంకు లేకుండా తోలుగానూ రావొచ్చు. భయపడకండి. గుడ్లు బుట్టలో కాకుండా పొదల్లో పెడుతుంటే బుట్టలో ఒక సుద్ద గుడ్డు ఉంచండి, చూసి అక్కడే పెడతాయి. రోజుకు రెండుసార్లు ఏరండి. మట్టి అంటితే పొడిగుడ్డతో తుడవండి, చన్నీళ్లతో కడిగితే మురికి పెంకు రంధ్రాల గుండా లోపలికి పోతుంది. సన్నని కొన కిందికి ఉండేలా పెట్టి దాచండి.

నాటు పెట్ట బుట్ట దిగకుండా, చేయి పెడితే ఉబ్బి పొడుస్తుంటే పొదుగుకు వచ్చిందన్నమాట. మీ దగ్గర పుంజు లేకపోతే పుంజున్న ఇంటి నుంచి పదీ పన్నెండు గుడ్లు తెచ్చి కింద పెట్టండి. ఏడో రోజు రాత్రి ఫోన్ టార్చి వెలిగించి గుడ్డును దాని మీద నిలబెట్టి చూడండి. మా అమ్మాయి చూసిన గుడ్డులో ఎర్రని నరాలు సాలెగూడులా అల్లుకుని, మధ్యన ఒక చుక్క కొట్టుకుంటోంది. పది నిమిషాలు గుడ్డు దించలేదు. ఖాళీగా వెలిగిన గుడ్లను తీసేయండి, మిగతావి ఇరవై ఒకటో రోజున పగులుతాయి.

8. సాయంత్రం లెక్క

పొద్దుగూకుతుంటే గుప్పెడు నూకలు చల్లండి. తిని ఒక్కొక్కటే ఎక్కుతాయి. గడియ, కొక్కెం వేయండి, టిక్కు పెట్టండి. మేము ఏడాది పాటు ఇలాగే చేశాం. కిందటి శ్రావణంలో ఒక రోజు పేరంటం హడావుడిలో గడియ వేసి వచ్చాను. మర్నాడు పొద్దున మునగచెట్టు కింద ఈకలున్నాయి. ఒక గ్రామప్రియ ఆ రోజు గూటికి రాకుండా చెట్టుకొమ్మ మీద కూర్చుండిపోయింది. నేను తలుపు చూశాను గానీ లోపలికి చూడలేదు. కేలండర్‌లో ఆ తేదీన టిక్కు ఉంది, నేను పెట్టిందే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో టిక్కులు లేవు. తలుపు వేసేముందు చీకట్లో చేయి పెట్టి దండెం మీద ఒక్కొక్క వీపూ తడిమి లెక్కపెట్టి, ఆ అంకె గడిలో రాస్తాం. కొత్త పెట్ట మూడు వారాలు గంప కింద ఉన్నన్నాళ్లూ గడుల్లో 4 అనే ఉంది. ఇప్పుడు మళ్లీ 5.