పంట తెగుళ్ల ఫొటోలకు కెమెరా లెన్సులు, ఉపకరణములు: ఎంపిక



పైరుకు జబ్బు వచ్చినపుడు మొదట కావలసినది మందు కాదు. ఆ జబ్బు ఏదో తెలిసికొనుట. మిరప తోటనే చూడండి. ఆకు ముడత రెండు విధములుగా వచ్చును. తామర పురుగులు రసము పీల్చిన ఆకుల అంచులు పైకి లేచి దోనె వలె అగును. దీనిని పై ముడత అందురు. తెల్లనల్లి ఆశించిన ఆకుల అంచులు క్రిందికి తిరిగి బోర్లించిన దోనె వలె అగును. ఆకు కాడలు సాగును. ఇది క్రింది ముడత. తామర పురుగులకు కొట్టు మందులలో అనేకము నల్లిపై పనిచేయవు. ఒకదానికి బదులు మరొకదానికి మందు కొట్టినచో మందు ఖర్చు, కూలి ఖర్చు వృథా అగుటయే కాక, నల్లిని తిను మిత్ర పురుగులు చచ్చి నల్లి మరింత పెరుగును.

నేడు చాలమంది రైతులు సెల్ ఫోనుతో ఫొటో తీసి శాస్త్రజ్ఞులకు పంపుచున్నారు. ఇది మంచి అలవాటు. కాని నిలుచుండి పైనుండి తీసిన ఫొటోలో పచ్చని గుబురు తప్ప ముడత ఎటు తిరిగినదో కనబడదు. అట్టి ఫొటోను చూచి చెప్పు సలహా ఊహయే అగును. మొక్క, చేను, పెద్ద మచ్చలు తీయుటకు మంచి ఫోను చాలును. చిన్న పురుగులకును, దూరమున ఉన్న వాటికిని డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరా ఎక్కువ ఉపయోగపడును. పెళ్లి ఫొటోలు తీయు స్టూడియోల వారు మిర్రర్‌లెస్ కెమెరాలకు మారుచున్నందున పాత ఎస్.ఎల్.ఆర్.లు ఇపుడు పల్లెలకు కూడ చేరుచున్నవి. ఒక్క రైతు కొనలేనిచో రైతు సంఘము కొనవచ్చును. కొన్న తరువాత ఏ లెన్సు, ఏ ఉపకరణము తీసికొనవలెనో ఈ పాఠములో తెలిపెదము.

కెమెరా నాగలి, లెన్సు కర్రు

ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సు గుండా వచ్చిన వెలుతురును లోపలి అద్దము పైకి మళ్లించి మన కంటికి చూపును. బటను నొక్కగానే అద్దము పైకి లేచి వెలుతురు సెన్సారుపై పడును. లెన్సును విప్పి మరొకటి బిగించుకొనవచ్చును. దీని గొప్ప సౌకర్యము ఇదియే.

దుక్కికి నాగలి, విత్తుటకు గొర్రు, అంతరకృషికి దంతె ఉన్నట్లే, లెన్సులు కూడ పనిని బట్టి వేరు వేరుగా ఉండును. కెమెరాపై ఎక్కువ డబ్బు పెట్టి, దానితో వచ్చిన లెన్సుతోనే అన్ని పనులు చేయబోవుట సరికాదు. పది సంవత్సరముల నాటి కెమెరాకు తగిన లెన్సు బిగించినచో, అది తగని లెన్సు గల కొత్త కెమెరా కంటె మేలైన పని చేయును.

లెన్సుపై మిల్లీమీటర్లలో ఒక అంకె ఉండును. దానిని నాభ్యంతరము అందురు. అంకె చిన్నదైనచో ఎక్కువ మేర కనబడును. పెద్దదైనచో దూరపు వస్తువు దగ్గరగా కనబడును. ఒకే లెన్సుపై 18-55 అని రెండంకెలున్నచో అది జూమ్ లెన్సు.

1. చేనుకు, మొక్కకు: 18-55 లెన్సు

చాల కెమెరాలతో ఈ లెన్సే వచ్చును. చేనులో తెగులు ఎంత మేర వ్యాపించినదో చూపుటకు 18 వద్దను, ఒక మొక్కను చూపుటకు 35 వద్దను, ఒక కొమ్మను చూపుటకు 55 వద్దను వాడుకొనవచ్చును. ఆముదపు గెలపై వానకాలమున వచ్చు బూడిద రంగు బూజు తెగులును, పత్తిలో గులాబీ రంగు పురుగు పట్టినపుడు విచ్చుకొనక ముడుచుకొన్న గుడ్డి పూవులను దీనితో చక్కగా తీయవచ్చును. ఇది చేతిలో ఉన్నవారు మరొక 18-55 లెన్సు కొరకు డబ్బు పెట్టనవసరము లేదు.

2. పురుగుకు: మాక్రో లెన్సు

రైతుకు మొదట కొనదగిన లెన్సు ఇదియే. పురుగును సెన్సారుపై దాని పూర్తి పరిమాణములో చూపగల లెన్సును మాక్రో అందురు. దానిపై 1:1 అని వ్రాసి ఉండును. నికాన్ కంపెనీ వారు దీనినే మైక్రో అందురు. కొన్ని జూమ్ లెన్సులపై మాక్రో అని వ్రాసి ఉన్నను 1:1 లేనిచో అవి అసలు మాక్రో కావు.

లెక్క చూడండి. సాధారణ ఎస్.ఎల్.ఆర్. సెన్సారు వెడల్పు సుమారు 23 మి.మీ. 18-55 లెన్సుతో ఎంత దగ్గరగా తీసినను ఫొటోలో 60 నుండి 75 మి.మీ. మేర పడును. మాక్రో లెన్సుతో 23 మి.మీ. మాత్రమే పడును. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటోలో అడ్డముగా సుమారు 6,000 చుక్కలుండును. కనుక 1 మి.మీ. పొడవు గల తామర పురుగుపై 18-55 లెన్సుతో 80 నుండి 100 చుక్కలు పడగా, మాక్రోతో సుమారు 260 పడును. అపుడే రెక్కలు, రంగు, నడుము తెలియును.

అయితే మిరప నల్లి 0.2 మి.మీ. మాత్రమే. మాక్రోతో కూడ అది చిన్న చుక్కగానే కనబడును. నల్లిని గుర్తించుటకు 10 రెట్లు పెంచి చూపు భూతద్దమే మేలు. కెమెరాతో నల్లి చేసిన నష్టపు గుర్తులను తీయవలెను.

మాక్రోలో కూడ నాభ్యంతరము చూచి కొనవలెను. 40 మి.మీ. మాక్రో చౌక. కాని పూర్తి పరిమాణములో తీయునపుడు పురుగుకు, లెన్సుకు మధ్య 4 సెం.మీ. కూడ ఉండదు. పురుగు ఎగిరిపోవును, లెన్సు నీడ ఆకుపై పడును. 100 మి.మీ. ప్రాంతపు మాక్రోలో 13 నుండి 15 సెం.మీ. ఎడము దొరకును. పచ్చదోమ, తెల్లదోమ వంటి కదిలెడి పురుగులకు ఇదియే తగినది. వరిలో సుడిదోమ దుబ్బు మొదట్లో ఉండును. అచట మడమలపై కూర్చుండి, దుబ్బును ప్రక్కకు వంచి, ఈ ఎడము నుండి తీయవచ్చును.

తక్కువ ఖర్చు మార్గములు

మాక్రో కొనలేనివారు ఈ రెండింటిలో ఒకటి వాడవచ్చును.

క్లోజప్ అద్దము: ఇది లెన్సు ముందు మరలతో బిగించు అద్దము. దీనిపై +2, +4 అని ఉండును. 55-250 లెన్సును 250 వద్ద నిలిపి, ఫోకస్‌ను బహుదూరమునకు పెట్టి, +4 అద్దము బిగించినచో 25 సెం.మీ. దూరమున ఉన్న పురుగు ఇంచుమించు పూర్తి పరిమాణములో పడును. +2 అయినచో 50 సెం.మీ. దూరమున సగము పరిమాణము వచ్చును. ఫొటో అంచులు కొంత మసకగా ఉండును గాన పురుగును నడుమ ఉంచవలెను. లెన్సు ముందు వ్రాసిన మర వ్యాసపు అంకెను చూచి అదే కొలత అద్దము కొనవలెను.

పొడిగింపు గొట్టము: ఇది కెమెరాకు, లెన్సుకు మధ్య బిగించు బోలు గొట్టము. ఇందులో అద్దముండదు. 50 మి.మీ. లెన్సుకు 25 మి.మీ. గొట్టము చేర్చినచో సగము పరిమాణము వచ్చును. విద్యుత్ స్పర్శలు గల గొట్టమునే కొనవలెను. అవి లేనిచో నేటి లెన్సులలో చాలవాటికి రంధ్రమును మార్చుట వీలుకాదు.

3. దూరపు వాటికి: 55-250 లేక 70-300 లెన్సు

జొన్న, ప్రొద్దుతిరుగుడు చేలపై వ్రాలు పక్షులను, చేను ఆవలి గట్టున ఉన్న అడవి పందులను పగటిపూట తీయుటకు ఇది పనికివచ్చును. పొడవైన లెన్సుతో చేయి కొంచెము కదలినను ఫొటో చెదరును. సెకనులో 500వ వంతు లేక అంతకంటె తక్కువ కాలములో తీయవలెను. అడవి పందులు రాత్రి వచ్చును గాన వాటి కొరకు ఖరీదైన లెన్సు కొనుట వృథా. తెల్లవారిన తరువాత గిట్టల గుర్తులను, నష్టపడిన మొక్కలను 18-55 లెన్సుతో తీసినచో సాక్ష్యమునకు చాలును. కాబట్టి ఈ లెన్సు కొనుగోలు చివరి మాట.

పాత సామాను కొనునపుడు

కానన్, నికాన్ కంపెనీల నుండి 2020 తరువాత కొత్త ఎస్.ఎల్.ఆర్. నమూనాలు రాలేదు. ఆ రెండు కంపెనీలు మిర్రర్‌లెస్ వైపు మరలినవి. ఇందువలన పాత లెన్సులు చౌకగా దొరకును. కాని జత కుదరనివి కూడ వచ్చును. ఈ విషయములు గమనించవలెను.

(అ) కానన్ ఇ.ఎఫ్. లెన్సులు ఆ కంపెనీ డిజిటల్ ఎస్.ఎల్.ఆర్.లన్నిటికి పట్టును. ఇ.ఎఫ్-ఎస్. లెన్సులు చిన్న సెన్సారు గల వాటికే పట్టును. మిర్రర్‌లెస్‌కు చేసిన ఆర్.ఎఫ్. లెన్సులు ఎస్.ఎల్.ఆర్.కు పట్టవు.

(ఆ) నికాన్ డి-3000, డి-5000 వరుసల కెమెరాలలో ఫోకస్ మోటారుండదు. మోటారు లేని పాత లెన్సు బిగించినచో చేతితోనే ఫోకస్ చేయవలెను. లెన్సుపై ఎ.ఎఫ్-ఎస్. అని ఉన్నచో మోటారు లెన్సులోనే ఉండును. మాక్రో పనికి చేతితో ఫోకస్ చేయుటే మంచిది గనుక, చౌకగా వచ్చిన పాత మాక్రోను ఈ కారణముతో విడువనక్కరలేదు.

(ఇ) లెన్సును రెండు వైపుల మూతలు తీసి, టార్చి వెలుతురులో లోపలికి చూడవలెను. సాలెగూడు వంటి పోగులు కనబడినచో అది బూజు. అట్టి దానిని కొనరాదు.

ఉపకరణములు

మూడు కాళ్ల స్టాండు: మాక్రో తరువాత ఇది కొనవలెను. కాళ్లు బాగుగా విడిపోయి నేలకు దగ్గరగా దిగునది కావలెను. బటనుపై వ్రేలి అదటు తగులకుండ రెండు సెకన్ల టైమరు పెట్టవలెను.

వెలుతురు: మాక్రోలో ఎఫ్-8 వద్ద కూడ 1 మి.మీ. లోపు మందమే స్పష్టముగా వచ్చును. కనుక రంధ్రమును ఎఫ్-8 నుండి ఎఫ్-11 వరకు మూయవలెను. అపుడు వెలుతురు ఎక్కువ కావలెను. కెమెరాపై ఉన్న ఫ్లాషు వెలుతురుకు లెన్సే అడ్డు వచ్చి నీడ పడును. విడిగా పట్టుకొను చిన్న ఎల్.ఇ.డి. దీపము చాలును. మిట్ట మధ్యాహ్నపు ఎండకు పలుచని తెల్లని పంచెను అడ్డు పట్టినచో నీడలు మెత్తబడును.

పోలరైజరు ఫిల్టరు: బత్తాయి ఆకు, కాయ నిగనిగలాడును. ఆ మెరుపులో మచ్చలు మరుగుపడును. ఈ ఫిల్టరును త్రిప్పుచు చూచినచో మెరుపు తగ్గి మచ్చ అసలు రంగు తెలియును. బత్తాయిలో తామర పురుగుల వలన తొడిమ చుట్టు ఉంగరము వలె మచ్చ ఏర్పడును. మంగు నల్లి వలన కాయ తోలు గోధుమ వన్నెకు తిరుగును. ఈ తేడా తెలియుటకు నల్లగొండ ప్రాంతపు బత్తాయి రైతులకు ఈ ఫిల్టరు ఉపయోగకరము.

స్కేలు, తెల్ల కాగితము: వీటి ఖర్చు అత్యల్పము, ప్రయోజనము అత్యధికము. పురుగు ప్రక్కన మిల్లీమీటరు స్కేలు, అది లేనిచో రూపాయి నాణెము ఉంచి తీయవలెను. కొలత లేని ఫొటోలో చిన్న పురుగు, పెద్ద పురుగు ఒకటిగానే కనబడును.

అదనపు బ్యాటరీ, అదనపు మెమరీ కార్డు తప్పక ఉంచుకొనవలెను.

దుమ్ము, తేమ

పాలమూరు చల్కా నేలల ఎర్ర దుమ్ము లెన్సుకు శత్రువు. గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు క్రిందికి వంచి లెన్సు మార్చవలెను. దుమ్మును రబ్బరు బుడ్డి గాలితో ఊదవలెను; పంచె కొంగుతో తుడిచినచో గీతలు పడును. వానకాలమున మూత బిగువైన డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచినచో బూజు పట్టదు. ఎండాకాలమున కారులోను, రేకుల షెడ్డులోను ఉంచరాదు. మందు కొట్టిన చేతులతో కెమెరా ముట్టరాదు.

ఫొటో తీయు, పంపు విధము

మందు కొట్టక ముందే తీయవలెను. గాలి తక్కువగా ఉండు ఉదయపు వేళ మంచిది. నాలుగు ఫొటోలు చాలును: చేను మొత్తము; ఒక మొక్క; ఆకు పైభాగము, అడుగుభాగము ఒకే చోట కనబడునట్లు రెండు ఆకులు; స్కేలుతో పురుగు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వివరములు పోవును. దానిని డాక్యుమెంటుగా పంపవలెను. పైరు పేరు, రకము, వయస్సు, ఇంతకు ముందు కొట్టిన మందు వ్రాయవలెను. పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము వంటి చోటికి గాని, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రము వంటి చోటికి గాని వెళ్లునపుడు ఫొటోతో పాటు తెగులు సోకిన కొమ్మను కూడ తీసికొనిపోవుట ఉత్తమము.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. కొనవలసిన వరుస: స్కేలు, భూతద్దము, క్లోజప్ అద్దము, స్టాండు, మాక్రో లెన్సు, పోలరైజరు, చివరకు దూరపు లెన్సు. మాక్రో కొనగల స్తోమత ఉన్నవారు క్లోజప్ అద్దము మాని, మాక్రోతో మొదలుపెట్టి తరువాత స్టాండు కొనవచ్చును.
2. మాక్రో అను మాటను కాక 1:1 అను గుర్తును చూడవలెను.
3. కొనుటకు ముందు లెన్సును మీ కెమెరాకే బిగించి చూడవలెను.
4. ఆకు అడుగుభాగము చూపని ఫొటోపై ఆధారపడి మందు కొట్టరాదు.

ఒకసారి మందు తప్పిన ఖర్చుతో క్లోజప్ అద్దము, స్కేలు, భూతద్దము సమకూర్చుకొనవచ్చును. రైతు సంఘములు ఈ సామానును ఉమ్మడిగా కొని, ఊరిలో చదువుకొన్న ఒక యువతికో, యువకునికో అప్పగించి, ప్రతి పంటకాలములో వచ్చిన పురుగుల ఫొటోలను తేదీ వేసి భద్రపరచినచో, మరుసటి సంవత్సరము అదే పురుగు కనబడిన నాడు గుర్తించుట సులభమగును.