బటన్ నొక్కితే పుస్తకం... మరి ఎడిటర్ ఎందుకు?

అమెజాన్ 2007 నవంబరులో కిండిల్‌ను తెచ్చినప్పుడే రచయిత తన పుస్తకాన్ని తానే అప్‌లోడ్ చేసుకునే వీలూ కల్పించింది. అక్కడ 2.99 నుంచి 9.99 డాలర్ల ధర పెడితే, కొన్ని షరతులతో, 70 శాతం రాయల్టీ. న్యూయార్క్ పెద్ద ప్రచురణ సంస్థలు ఈబుక్కుల మీద ఇచ్చేది మామూలుగా తమ నికర రాబడిలో 25 శాతమే. ఇది చూశాక ప్రచురణ రంగంలో ఇంకా ఉద్యోగాలేముంటాయని విద్యార్థులు అనుకోవడంలో వింత లేదు. కానీ ఈ లెక్క అందరికంటే బాగా తెలిసిన రచయిత్రి అమాండా హాకింగ్ ఏం చేశారు? సొంతంగా లక్షల ఈబుక్కులు అమ్ముకున్న ఆమె 2011లో సెయింట్ మార్టిన్స్ ప్రెస్‌తో నాలుగు నవలలకు ఒప్పందం చేసుకున్నారు. డబ్బిచ్చి ఎడిటర్లను పెట్టుకున్నా తప్పులు మిగిలిపోతున్నాయని, మిగతా పనులతో రాయడానికే తీరిక ఉండటం లేదని ఆమె బాహాటంగానే చెప్పుకున్నారు.

గెలిచినవాళ్ల సంగతి వేరు అంటారా? నిజమే. పైగా ‘వూల్’ నవలను సొంతంగా ప్రచురించుకున్న హ్యూ హోవీ 2012లో సైమన్ అండ్ షుస్టర్‌కు అచ్చు హక్కులు మాత్రమే ఇచ్చి, ఈబుక్ హక్కులు తన దగ్గరే ఉంచుకున్నారు. ఫైలు తయారుచేసి అమ్మకానికి పెట్టడానికి ప్రచురణకర్త అక్కర్లేదని అక్కడే తేలిపోయింది. ఆ ఒక్క పనినే నమ్ముకుని ఈ రంగంలోకి రాకండి. అయితే డబ్బు ప్రసక్తే లేనిచోట ఏం జరిగిందో కూడా చూడాలి. అమెరికా తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన ‘ఈమాట’ వెబ్ పత్రికకు కాగితం ఖర్చు లేదు, పేజీల ఇరుకు లేదు. వచ్చిందల్లా వేసేయొచ్చు. అయినా ప్రతి రచననూ సమీక్షకులతో చదివించి, అవసరమైతే మార్పులు సూచించి తిరిగి రాయించే పద్ధతి పెట్టుకుంది. చోటుకు కొదవ లేనప్పుడే వడపోతకు పని ఎక్కువ.

ఆ పని కృత్రిమ మేధ చేసేయదా అన్నది తర్వాతి ప్రశ్న. అక్షరదోషాలు దిద్దే పని చాలావరకు దాని చేతికి పోతుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ అదే కృత్రిమ మేధతో పుస్తకాలు గుప్పిస్తారన్న ఆందోళనల మధ్య 2023 సెప్టెంబరులో అమెజాన్ రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టకూడదని రచయితలకు హద్దు గీయాల్సి వచ్చింది. రోజుకు మూడు! ఇంత వరదలో నవల ఎక్కడ నీరసించిందో, ఆత్మకథలో ఏ వాక్యం పరువునష్టం దావా తెస్తుందో చెప్పి, ఆ మాటకు జవాబుదారీగా నిలబడే మనిషి కావాలి. డెవలప్‌మెంటల్ ఎడిటింగ్, హక్కుల ఒప్పందాలు, పాఠకుడి వెతుకులాటకు పుస్తకం దొరికేలా చేసే మెటాడేటా నేర్చుకోమనేది అందుకే.

జీతం మాత్రం నిరాశపరుస్తుంది. హార్పర్‌కాలిన్స్ ఉద్యోగులు 2022 నవంబరు నుంచి మూడు నెలలు సమ్మె చేస్తే, 45,000 డాలర్ల ఆరంభ వేతనం 2025 నాటికి 50,000కు చేరేలా ఒప్పందం కుదిరింది. న్యూయార్క్ అద్దెల ముందు అదెంత? ఎఫ్-1 వీసా మీదున్నవాళ్లకు ఇంకో చిక్కు: స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేని డిగ్రీకి, చదువయ్యాక పనిచేసుకునే అనుమతి అయిన ఓపీటీ 12 నెలలతో సరి, అదనంగా 24 నెలలు రావు. అలాంటివాళ్లు కంప్యూటర్ లేదా డేటా డిగ్రీతో ప్రచురణ సంస్థల డిజిటల్ విభాగాల్లో ప్రయత్నించడం క్షేమం. వీసా బెడద లేనివాళ్లు కొలంబియా పబ్లిషింగ్ కోర్స్, డెన్వర్ పబ్లిషింగ్ ఇన్‌స్టిట్యూట్ వేసవి శిక్షణలకు దరఖాస్తు చేసుకోవచ్చు.