పాఠం 9 : రైలు, పంటు, సైకిలు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు :
• ఒక యాత్రా రచనలోని ముఖ్య విషయాలను మీ మాటల్లో చెప్పగలుగుతారు.
• రైలులో సైకిలు తీసుకొనిపోయే పద్ధతిని వివరించగలుగుతారు.
• ప్రయాణానికి వేళలు లెక్క వేసుకోగలుగుతారు.

9.1 పరిచయం

బస్సు దిగి రైలు ఎక్కవలసి వచ్చినప్పుడు బస్సు ఆలస్యమైతే ఎంత కంగారు పడతామో మీకు అనుభవమే. మూడు రకాల వాహనాలు మారవలసి వస్తే? విజయవాడలోని ఒక సైకిలు సంఘం అటువంటి ప్రయాణమే చేసింది. సంఘంలో సభ్యురాలైన ఒక దర్జీ ఈ అనుభవాన్ని చెబుతున్నది. చదవండి.

9.2 మూలపాఠం

మేము పన్నెండుమందిమి. కాలేజీ పిల్లలు, ఒక బ్యాంకు ఉద్యోగి, నాలాంటి కుట్టుపనివాళ్లు, పదవీవిరమణ చేసిన లెక్కల మాస్టారు. డిసెంబరులో ఒక ఆదివారం అంతర్వేది వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలనుకొన్నాము. నేను అంతవరకు సముద్రం చూడలేదు. అందుకే అందరికంటె ముందు పేరు ఇచ్చాను.

మా రైలు గుడివాడ, కైకలూరు, భీమవరం మీదుగా నర్సాపురం చేరుతుంది. ఆ దారికి నర్సాపురమే చివరి స్టేషను. నడుమ స్టేషన్లలో రైలు కొద్దిసేపే ఆగుతుంది కాబట్టి సైకిళ్లు దింపడం కష్టం. చివరి స్టేషనులో ఆ తొందర ఉండదు. మాస్టారు ఈ ఊరిని ఎంచుకొన్నది అందుకే.

సైకిలును మన పెట్టెలోకి ఎక్కించకూడదు. పార్సిల్ ఆఫీసులో టికెట్టు చూపి, రుసుము కట్టి, రసీదు తీసుకోవాలి. పేరు, చిరునామా, ఎక్కే స్టేషను, దిగే స్టేషను రాసిన అట్టముక్కను సైకిలుకు కట్టాలి. సైకిళ్లు బ్రేక్ వ్యానులో వస్తాయి. రైలు బయలుదేరడానికి కనీసం అరగంట ముందు వాటిని అప్పగించాలి. మాస్టారు ముందురోజే వెళ్లి, ఆ రైలులో పన్నెండు సైకిళ్లు తీసుకొంటారో లేదో కనుక్కొని వచ్చారు.

నర్సాపురంలో దిగి మాధవాయిపాలెం రేవుకు తొక్కుకొంటూ వెళ్లాము. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అనే పాయలుగా చీలుతుంది. మా ఎదుట ఉన్నది వశిష్ఠ. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి, కోనసీమ. పడవలను జత చేసి, పైన బల్లలు పరిచినదే పంటు. మనుషులు, మోటారు సైకిళ్లు, కార్లు అన్నీ దానిమీదే దాటుతాయి. ఆ ఉదయం రేవు నిండా జనం. రెండు పంటులు వదులుకొని మూడోది ఎక్కాము. గంట సేపు పోయింది.

కొబ్బరితోటల మధ్య గంట తొక్కితే అంతర్వేది వచ్చింది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం, భోజనం అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటును అక్కడివారు అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. పిల్లలు అటు బయలుదేరబోయారు. మాస్టారు ఆపారు.

“గట్టుకు వెళ్లి వస్తే గంట పడుతుంది. మనం పావుతక్కువ రెండుకల్లా కదలాలి. చేతిలో ఉన్నది అరగంట ఖాళీ. అది దారిలో ఆపదకోసం” అన్నారు.

“ఇంతదూరం వచ్చి సముద్రం చూడకుండా పోవడమా మాస్టారూ?” అన్నాను. గొంతు వణికింది.

“సముద్రం ఎక్కడికీ పోదమ్మా. రైలు పోతుంది” అన్నారాయన.

మొగం మాడ్చుకొని ఒంటిగంటంపావుకు సైకిలెక్కాను. రెండు మైళ్లు పోయామో లేదో బ్యాంకు ఉద్యోగి సైకిలు పంచరయింది. ట్యూబు విప్పి, అతుకు వేసి, గాలి కొట్టేసరికి ఇరవై నిమిషాలు. రేవులో పంటు ఒడ్డుకు దూరంగా ఆగి ఉంది. “పాటు మీదుందండి. నీళ్లు తగ్గిపోయాయి. కాస్త ఆగాలండి” అన్నాడు పడవ మనిషి. మరో పది నిమిషాలు. అరగంట ఖాళీ అక్కడికి సరిపోయింది.

సరిగ్గా నాలుగింటికి స్టేషనులో ఉన్నాము. పన్నెండు సైకిళ్లకూ రసీదులు రాయించేసరికి రైలు కదిలే వేళయింది. గట్టుకు వెళ్లి ఉంటే ఆ రాత్రి నర్సాపురం ప్లాట్‌ఫారం మీదే.

ఇంటికి వచ్చాక మాస్టారు వేసిన లెక్క కాగితం ముందు పెట్టుకొన్నాను. ఈసారి లెక్క నేనే వేశాను, గట్టుకు ఒక గంట కలిపి.

9.3 లెక్క ఎలా వేయాలి?

ఇటువంటి లెక్క చివరినుంచి మొదటికి వేయాలి. మన చేతిలో లేనిదానితో మొదలుపెట్టి, మన చేతిలో ఉన్నదానితో ముగించాలి. తిరుగు రైలు సాయంత్రం 5 గంటలకు అనుకొందాం.

రైలు బయలుదేరే వేళ : 5.00
స్టేషనులో సైకిళ్లు అప్పగించడానికి 1 గంట : 4.00
రేవునుంచి స్టేషనుకు 30 నిమిషాలు : 3.30
రేవులో ఆగడానికి, నది దాటడానికి 45 నిమిషాలు : 2.45
అంతర్వేదినుంచి రేవుకు 1 గంట : 1.45
ఆపదకోసం ఖాళీ 30 నిమిషాలు : 1.15

రైలు ఎవరికోసమూ ఆగదు. పంటు నది చెప్పినట్టు నడుస్తుంది. వరదలు వస్తే ఆగిపోతుంది. అప్పుడు పైన ఉన్న చించినాడ వంతెనదాకా చుట్టు తిరగాలి. సైకిలు ఒక్కటే మన మాట వింటుంది. దానికీ పంచరవుతుంది. అందుకే ఖాళీ సమయాన్ని వృథా అనుకోకూడదు.

గమనిక : రైళ్ల వేళలు మారుతుంటాయి. స్టేషనులో అడిగి తెలుసుకోండి.

పాఠ్యాంశ ప్రశ్నలు

1. మాస్టారు నర్సాపురం స్టేషనును ఎందుకు ఎంచుకొన్నారు?
2. అరగంట ఖాళీ దేనికి ఖర్చయింది?

కొత్త పదాలు

పంటు : జత పడవలపై బల్లలు పరిచిన వాహనం
రేవు : నది దాటడానికి పడవ ఎక్కే చోటు
పోటు : సముద్రపు నీరు పెరగడం
పాటు : సముద్రపు నీరు తగ్గడం

పాఠాంత ప్రశ్నలు

1. “సముద్రం ఎక్కడికీ పోదమ్మా. రైలు పోతుంది.” ఈ మాటలు ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు?
2. గట్టు చూడడానికి ఒక గంట కలపాలంటే అంతర్వేదిలో భోజనం ఎన్ని గంటలకల్లా ముగించాలి? లెక్క వేసి చూపండి.
3. మీ ఊరినుంచి రెండు వాహనాలు మారి వెళ్లే ఒక ప్రయాణానికి ఇటువంటి పట్టిక తయారు చేయండి.

పాఠ్యాంశ ప్రశ్నలకు సమాధానాలు

1. అది చివరి స్టేషను. సైకిళ్లు దింపడానికి తొందర ఉండదు.
2. పంచరు బాగుచేయడానికి 20 నిమిషాలు, రేవులో 10 నిమిషాలు.