పుస్తక క్రికెట్టు: ఒక లెక్కల పాఠము



చెన్నపట్టణమున పుట్టి క్రికెట్టు ఎరుగని బాలుడు అరుదు. చేపాకు మైదానమున పోటీ జరుగునాడు మన తరగతులలో పాఠము సాగుట కష్టము. మైదానము లేనిచోట, బ్యాటు లేనివేళ, మీరు పుస్తకముతోనే ఆ ఆటను ఆడుకొనుచున్నారు. మా చిన్ననాటనుండియు ఉన్న ఆటయే ఇది. ఈ యేడు దానినిగూర్చి మా గదికి ఒక తగవు వచ్చినది. ఆ తగవే నేటి పాఠము.

ఆట పద్ధతి మీకు తెలిసినదే. కన్నులు మూసి పుస్తకమును తెరువవలెను. ఎడమవైపు పుట సంఖ్యలోని చివరి అంకెను చూడవలెను. 2, 4, 6 వచ్చినచో అన్ని పరుగులు. 8 వచ్చినచో మన బడిలో ఒక్క పరుగు. సున్న వచ్చినచో ఔటు. తెలుగు వాచకమైనను తమిళ వాచకమైనను అంకెలు ఒక్కటే గనుక పేచీ లేదు.

ఇపుడు లెక్క చూతము. అయిదు అంకెలును సమానముగా వచ్చునెడల, అయిదింట ఒకసారి ఔటు. తక్కిన నాలుగింటి పరుగులు 2, 4, 6, 1 కలిపిన 13. అనగా సగటున వికెట్టునకు 13 పరుగులు, పది వికెట్లకు 130. మీ జట్టులో ఎంతటి మొనగాని పేరు వ్రాసికొన్నను ఈ సగటు మారదు. పుస్తకము ఆటగాని పేరు ఎరుగదు. కావున ఈ ఆటలో జట్టును కూర్చుట అనగా పుస్తకమును ఎన్నుకొనుటయే.

ఈ రహస్యమును ఏడవ తరగతి బాలుడొకడు కనుగొనెను. వాడు 16 పుటల చిన్న పొత్తమును తెచ్చి, సాంఘికశాస్త్ర పుస్తకముతో ఆడిన స్నేహితుని వరుసగా మూడుమారులు ఓడించెను. ఆ పొత్తములో ఎడమ పుటలు ఎనిమిదియే. సున్నతో ముగియునది పదవ పుట ఒక్కటే. తక్కిన ఏడింటి పరుగులు 25. అనగా వికెట్టునకు 25, పది వికెట్లకు 250! ఇంచుమించు రెట్టింపు.

ఓడినవాడు ఏడ్చుచు వచ్చెను. మేము మొదట గెలిచినవానిని దండింపబోతిమి. వాడు తన నోటుపుస్తకము చూపగా, అందు పుటలవారీ లెక్క చక్కగా వ్రాసియుండెను. మా చేయి వెనుకకు పోయినది. అంతలో ఓడినవాడు, "ముందే చెప్పి ఉంటే నేనూ అలాంటి పుస్తకమే తెచ్చుకొనేవాణ్ణి కదా, సార్!" అనెను. ఆ మాటకు గెలిచినవాడు తల వంచుకొనెను.

ఇట్టి లొసుగు అన్ని అనుకరణ క్రీడలయందును గలదు. అమెరికాలో 1961లో హాల్ రిచ్‌మన్ అనునతడు స్ట్రాట్-ఓ-మాటిక్ అను బేస్‌బాలు ఆటను వెలువరించెను. అందు నిజమైన ఆటగాండ్ర గణాంకములనుబట్టి అట్టలు చేసి, పాచికలు వేసి ఆడుదురు. ఏడాదిలో కొలదిసార్లే బ్యాటు పట్టి, ఆ కొలదిలోనే అదృష్టవశమున బాగుగా కొట్టినవాని అట్ట మహావీరుని అట్టవలె కనబడును. అట్టివారినే ఏరి జట్టు కూర్చినచో గెలుపు సులభము. అందుచేత నిజముగా ఆడినన్ని మారులకు మించి ఆ అట్టను వాడరాదని పలువురు నియమము పెట్టుకొందురు. కంప్యూటరులో ఆడు ఆటలకును ఈ చిక్కు తప్పదు. తక్కువ పుటల పుస్తకము, తక్కువ ఆటల ఆటగాడు: రెండింటి లోపము ఒక్కటే. కొద్దిపాటి లెక్కను గొప్ప సత్యముగా నమ్ముటయే ఆ లోపము.

నిజమైన క్రికెట్టునందును ఇది జరిగినది. 1979 మే 24న ఇంగ్లండులో సోమర్‌సెట్ జట్టు నాయకుడు బ్రయన్ రోజ్, వూస్టర్‌షైర్‌పై ఒక్క ఓవరు ఆడి, ఒక్క పరుగుకే ఇన్నింగ్సు ముగించెను. ఆట ఓడినను గణాంకములలో తమకున్న ఆధిక్యము చెడక, తరువాతి అంచెకు పోవుటయే అతని ఉద్దేశము. నిబంధనలలో దానికి అడ్డులేదు. అయినను ఆ జట్టును పోటీనుండి తొలగించిరి. పిమ్మట అట్లు ముగించుటను నిషేధించిరి.

లొసుగును కనుగొనుట తెలివి. దానిని దాచి, ఎరుగని స్నేహితుని ఓడించుట న్యాయము కాదు. బయటపెట్టి నియమమును దిద్దుట విద్య. అందుకే మేము ఆ బాలుని దండింపక, వాని లెక్కను వాని చేతనే నల్లబల్లపై వ్రాయించితిమి. ఓడినవాడు క్రొత్త నియమము చెప్పెను: ఇరుపక్షములకు ఒకే పుస్తకము, దానికి సరిగా 100 పుటలు. అందు ఎడమ పుటలు 50, సున్నలు 10. ఇపుడు ఇద్దరును ఆ పుస్తకముతోనే ఆడుకొనుచున్నారు.

అభ్యాసము: 32 పుటల పుస్తకముతో ఆడినచో వికెట్టునకు సగటున ఎన్ని పరుగులు వచ్చును? నడుమ ఒకచోట కుట్టు వదలి, తరచు అక్కడనే తెరచుకొను పుస్తకమునకు ఈ లెక్క చెల్లునా? చెల్లనిచో కారణమును వ్రాయుడు.