సభ్యుల తలుపునకు తగిన తాళము

విద్యార్థులారా! హోసూరులో కొందఱు, కృష్ణగిరిలో కొందఱు సభ్యులుగా గల ఒక చిన్న తెలుగు పఠనసంఘమును ఊహింతము. సభ్యులు నలువదిమంది. రెండూళ్ళ నడుమ సుమారు 50 కిలోమీటర్ల దూరముండుటచే తఱచుగా కలియుట కష్టము. కావున వారొక వెబ్‌సైటును ఏర్పఱచుకొని, అందు పుస్తకముల పట్టికను, సభ్యుల ఫోను నంబర్లను, పిల్లలు పాల్గొనిన సభల ఛాయాచిత్రములను ఉంచిరి. వీనిని పరులు చూడరాదు. సభ్యులలో ఒక్కరును వెలుపల నిలిచిపోరాదు. ఈ రెండు పనులను చేయు తలుపే లాగిన్. అందుకు సులభమైన మార్గములు నాలుగు గలవు.

మొదటిది అందఱికిని ఒకే పాస్‌వర్డు. ఏర్పాటు మిక్కిలి సులభము. కాని నలువదిమందికి తెలిసిన మాట ఇతరులకు తెలియుటకు ఎంతో కాలము పట్టదు. ఒకరు సంఘమును విడిచినచో పాస్‌వర్డును మార్చి, తక్కిన 39 మందికిని మరల తెలుపవలెను. అట్లు చేయనిచో 'తాళము వేసితిమి, గొళ్ళెము మఱచితిమి' అన్నట్లగును. పుస్తకముల పట్టికకు ఇది చాలును. పిల్లల చిత్రములకు చాలదు.

రెండవది ఎవరి పాస్‌వర్డు వారికి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒకే కంప్యూటరును పలువురు పంచుకొనుటకై 1960 దశకపు తొలి దినములలో ఈ పద్ధతిని వాడిరి. 1962లో అచ్చటి విద్యార్థి అలన్ షెర్, తనకు కేటాయించిన సమయము చాలక, పాస్‌వర్డుల జాబితానే అచ్చు తీయించుకొని ఇతరుల సమయమును వాడుకొనెను! కనుక వెబ్‌సైటు పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచరాదు. తిరిగి చదువ వీలులేని రూపమునకు మార్చి దాచవలెను. చంద్రచూడేశ్వరుని పేరో, మామిడి పేరో పెట్టుకొన్నచో మన ప్రాంతమువారెవరైనను ఊహింపగలరు. పొంతనలేని నాలుగు తెలుగు మాటలను ఆంగ్లలిపిలో వ్రాసినచో మనకు గుర్తుండును, పరులకు సులభముగా దొరకదు.

మూడవది ఈమెయిలునకు వచ్చు ఓటీపీ. సభ్యుడు తన ఈమెయిలు చిరునామా నిచ్చును. అది సంఘపు జాబితాలో ఉన్నచో కొన్ని నిమిషములు మాత్రమే చెల్లు అంకెలు అతనికి చేరును. గుర్తుంచుకొనవలసినది లేదు, సంఘము దాచవలసిన పాస్‌వర్డును లేదు. అయితే ఈమెయిలు ఖాతా భద్రముగా నుండవలెను.

నాలుగవది గూగుల్ ఖాతాతో ప్రవేశించుట. పాస్‌వర్డు భారము గూగుల్ మీద నుండును. కాని వచ్చినవారెవరో మాత్రమే గూగుల్ చెప్పును. వారు సభ్యులా, కారా యనునది సంఘమే తన జాబితాతో సరిచూడవలెను. ఈ తనిఖీని మఱచినచో గూగుల్ ఖాతా గల ప్రతివారికిని తలుపు తెఱచినట్లే.

ఇట్టి చిన్న సంఘమునకు మూడవ మార్గము మేలని మా అభిప్రాయము. ఒకరు విడిచిన దినముననే జాబితానుండి వారి పేరు తీసివేయవచ్చును; తక్కినవారికి శ్రమ లేదు. ఈమెయిలు లేని పెద్దలకు మాత్రము విడిగా పాస్‌వర్డు నీయవలెను. సంఘమును నిలిపిన వృద్ధుడు అంకెలు నొక్కలేక వెలుపల నిలుచుట న్యాయము కాదు. తలుపుమీది మాటలును తెలుగులోనే యుండవలెను. జాబితాను మార్చు అధికారము ఇద్దఱికి ఉండుట మంచిది; ఒక్కరే యుండి ఊరు విడిచినచో సంఘమంతయు చిక్కున పడును.

తల్లిదండ్రులారా! 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని పిల్లలుగా గణించి, వారి వివరములకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని విధించినది. తలుపెంత గట్టిదైనను, మిమ్మడుగక మీ పిల్లల చిత్రమును లోపల నుంచరాదు.

విద్యార్థులారా! మీ అవ్వతాతలకు లాగిన్ నేర్పుడు. వారి అంకెలను వారిచేతనే నొక్కింపుడు. మీరడుగకుడు, ఎవ్వరికిని చెప్పవలదని వారికి తెలుపుడు.