పెద్దంగడిలో చౌక సరే... పల్లె లెక్క చూసుకోండి

కర్నూలు లాంటి పట్టణాల్లో పెద్ద పెద్ద చౌక అంగళ్లు వచ్చాయి. బియ్యం, నూనె, సబ్బులు, బకెట్లు, బట్టలు, చివరకు టమోటా, ఉల్లిగడ్డ కూడా అక్కడే. కృష్ణగిరి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు రైతులు కూడా పండగకో, పెళ్లికో ఆటో మాట్లాడుకుని పోయి సరుకు తెచ్చుకుంటున్నారు. ధర తక్కువ. అది నిజమే. అయితే చిన్న రైతు ఈ అంగడిని కొనేవాడిగానే కాదు, అమ్మేవాడిగా కూడా చూడాలి. ఊరి అంగడి మూతపడితే ఏమవుతుందో కూడా ఆలోచించాలి.

చౌక ఎలా వస్తుంది?

పెద్ద అంగడివాళ్లు లారీల లెక్కన సరుకు కొంటారు. అందుకే కంపెనీవాళ్లు ధర తగ్గించి ఇస్తారు. 2002లో ముంబైలోని పొవాయ్‌లో మొదలైన డీమార్ట్‌నే చూడండి. సరుకు ఇచ్చినవాళ్లకు తొందరగా డబ్బు కట్టి ధర తగ్గించుకుంటుంది. చాలాచోట్ల సొంత భవనాలే కాబట్టి బాడుగ భారం తక్కువ. నాలుగు వస్తువుల మీద ధర బాగా తగ్గిస్తే జనం వస్తారు. వచ్చినవాళ్లు మిగతావీ కొంటారు. ఇందులో మాయ లేదు, వ్యాపారం ఉంది. కానీ ఈ అంగడిలో ఉద్దర ఉండదు. డబ్బు కట్టిన తరువాతే సరుకు.

అమెరికా పల్లెల్లో ఏం జరిగింది?

అమెరికాలో అయోవా అనే రాష్ట్రం ఉంది. మొక్కజొన్న, పందుల పెంపకం అక్కడి జీవనం. మన మాదిరే సేద్యాన్ని నమ్ముకున్న ప్రాంతం. 1980ల్లో అక్కడికి వాల్‌మార్ట్ అంగళ్లు వచ్చాయి. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ స్టోన్ ఊరూరి అమ్మకాల లెక్కలు తీశారు. 1983 నుంచి 1993 వరకు ఆ రాష్ట్రంలో 555 కిరాణా అంగళ్లు, 298 ఇనుప సామాన్ల అంగళ్లు తగ్గిపోయాయి. అన్నిటికీ ఒక్క వాల్‌మార్టే కారణం అనలేం. కానీ ఆయన చెప్పిన ఒక సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. పెద్ద అంగడి వచ్చిన ఊరికి బయటి జనం వస్తారు కాబట్టి, అక్కడి హోటళ్లు, వేరే సరుకు అమ్మేవాళ్లు కొంత బాగుపడ్డారు. ఎక్కువ దెబ్బ తిన్నది చుట్టుపక్కల చిన్న ఊళ్లు. అంటే కర్నూలులో పెద్ద అంగడి పెడితే, నష్టం కృష్ణగిరి లాంటి చోట కనిపిస్తుందన్నమాట.

ఊరి అంగడి చేసే పని

ఊరి అంగట్లో కిలోకు రెండు మూడు రూపాయలు ఎక్కువ తీసుకోవచ్చు. అయితే వాన రాక పంట ఎండినప్పుడు జొన్నలు, నూనె ఉద్దరకు ఇచ్చేది అతనే. పనుల్లేక గుంటూరు వైపు సుగ్గికి పోయిన కుటుంబాలు తిరిగొచ్చి బాకీ తీర్చేదాకా పద్దు రాసుకుని ఊరుకునేదీ అతనే. రాత్రి తొమ్మిదికి తలుపు తడితే తీస్తాడు. ఈ వసతికి ధర ఉంది, కాదనలేం. ఉద్దర పేరుతో ఎక్కువ రేటు వేసేవాళ్లు, పంట తమకే అమ్మాలని ముడిపెట్టేవాళ్లూ ఉన్నారు. అందుకే పద్దు పుస్తకం మీ దగ్గర కూడా ఒకటి పెట్టుకోండి. కానీ అంగడే లేకుండా పోతే కష్టకాలంలో ఎవరి దగ్గరికి పోతారు?

కొనేటప్పుడు లెక్క

ఊళ్లో రూ.3,000 అయ్యే సరుకు పెద్ద అంగట్లో రూ.2,700కే వస్తుందనుకుందాం. రూ.300 మిగిలింది. పోను రాను ఆటో ఖర్చు, పోయిన ఒక రోజు కూలి, పిల్లలు అడిగిన చిరుతిండి లెక్కవేయండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సులో టికెట్ లేదు కాబట్టి ఆ ఖర్చు తప్పవచ్చు. కూలి మాత్రం పోతుంది. ఆ రోజు కూలి రూ.400 అయితే మీరు నష్టపోయినట్లే.

అదే పది కుటుంబాలు ఒకే చీటీ రాసి ఇద్దరిని పంపితే? మొత్తం మిగులు రూ.3,000. ఆటోకు రూ.1,200, ఇద్దరి కూలి రూ.800 పోతే రూ.1,000 మిగులుతుంది. ఇంటికి వంద. పొదుపు సంఘాలకు ఇది చేతనైన పనే.

అమ్మేటప్పుడు లెక్క

రిలయన్స్ ఫ్రెష్ 2006లో హైదరాబాద్‌లోనే మొదలైంది. అప్పటి నుంచి కంపెనీలు రైతుల దగ్గర నేరుగా కూరగాయలు కొనడం పెరిగింది. ఇందులో మేలు లేకపోలేదు. ఇక్రియర్ సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం, నేరుగా అమ్మిన క్యాలీఫ్లవర్ రైతులకు మండీలో కంటే సుమారు 25 శాతం ఎక్కువ ధర, 60 శాతం ఎక్కువ లాభం వచ్చాయి.

మరి చిక్కు ఎక్కడ? కంపెనీ మేలు రకం కాయే తీసుకుంటుంది. వంద పెట్టెల టమోటా కోశారనుకోండి. అంతా కలిపి మండీలో అమ్మితే పెట్టెకు రూ.200 లెక్కన రూ.20,000. కంపెనీ ఏరుకుని 40 పెట్టెలు రూ.250కి తీసుకుంటే రూ.10,000. మంచి కాయ పోయింది కాబట్టి మిగతా 60 పెట్టెలు రూ.150కే పోతే రూ.9,000. మొత్తం రూ.19,000. ధర ఎక్కువ వచ్చినా వెయ్యి రూపాయలు నష్టం! మిగిలిన పెట్టె రూ.167 దాటితేనే మీకు లాభం. అయితే మండీలో కమీషన్, హమాలీ, తరుగు కింద పోయేదెంతో కూడా తీసి చూడండి. చేతికొచ్చిన డబ్బుతో చేతికొచ్చిన డబ్బునే పోల్చాలి.

రైతులు గుర్తుపెట్టుకోవాల్సినవి

* పంటంతా ఒకే కొనుగోలుదారుకు కట్టబెట్టొద్దు. మండీ, కంపెనీ, రైతు బజారు మూడూ చూడండి. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లలో మధ్యవర్తి లేకుండా మీరే అమ్ముకోవచ్చు.
* కంపెనీకి ఇచ్చేముందు ఏ సైజు కాయ, రోజుకు ఎన్ని పెట్టెలు, డబ్బు ఎన్ని రోజులకు, తిప్పి పంపితే కిరాయి ఎవరిది అనేవి అడిగి కాగితం మీద రాయించుకోండి. తూకం చీటీ వదలొద్దు.
* ఒక్కడు పోతే వాళ్లు చెప్పిందే ధర. పదిమంది రైతులు ఉంటే ఉత్పత్తిదారుల కంపెనీ రిజిస్టరు చేసుకోవచ్చు. కాయ మీరే ఏరి, రకాలు విడగొట్టి, బేరం మీరే ఆడొచ్చు.
* డబ్బున్న నెలలో మొత్తం పెద్దంగట్లో కొని, లేని నెలలో ఊరి అంగడికి ఉద్దరకు పోతే ఆ అంగడి నిలవదు. రోజువారీ సరుకైనా అక్కడ కొనండి.

చిన్నవాళ్లు కలిస్తే పెద్ద వ్యాపారం చేయలేరా అని సందేహం వద్దు. మన ఎమ్మిగనూరులోనే 1938లో మాచాని సోమప్ప చేనేత కార్మికులతో సహకార సంఘం పెట్టించారు. ఎవరి మగ్గం వాళ్లదే, అమ్మకం మాత్రం కలిసి చేశారు. టమోటాకైనా, ఉల్లిగడ్డకైనా ఆ దారి తెరిచే ఉంది. ఈ కారు పంట కోతకు రాకముందే పక్క పొలంవాళ్లతో కూర్చుని మాట్లాడండి. కోత మొదలయ్యాక బేరానికి టైము ఉండదు.